తీసుకుపోతానన్న మాట

మొన్న శుక్రవారం ఇక్కడ ఖతర్‌లో, ఏషియన్ టౌన్‌లో క్రికెట్ గ్రౌండు పక్కన ఆరోగ్య శిబిరం పెట్టారు. మా కంపెనీ మనుషులను బస్సుల్లో ఎక్కించి తీసుకెళ్లడం నా పని. దానితో పాటు డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్పినదాన్ని తెలుగులో చెప్పే పని కూడా నా నెత్తినే పడింది. తల నెరిసినవాడు కనిపిస్తే చాలు, వీడికి అన్ని భాషలూ వచ్చనుకుంటారు ఇక్కడ. ఒంటి మీద నీటి పొక్కులు లేచే జ్వరం లేబర్ క్యాంపుల్లో తిరుగుతోందట, ఇంతకుముందు రానివాళ్లు సూది వేయించుకోవాలట. చికెన్‌పాక్స్ అని చెప్పాను. వరసలో ముందున్న జగిత్యాల వైపు మనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో, "అంటే ఏంది కాకా?" అన్నాడు. "అమ్మవారు," అన్నాను. అతను చెప్పులు విడిచాడు. ఆ ఎండలో, కాలే సిమెంటు మీద, నిజంగా చెప్పులు విడిచి చెంపలేసుకున్నాడు. "అమ్మకు సూదేసుడేందే, కండ్లు పోతయి," అని వరసలోంచి తప్పుకుని వెళ్లిపోయాడు. వెనకున్న ఇద్దరు అతని వెంటే నడిచారు. ఏమైందని డాక్టరమ్మ అడిగితే మంచినీళ్లకు పోయారని చెప్పాను. ఆమె మంచిది, నమ్మింది.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. రూముకు వచ్చాక కూడా ఆ మంట తగ్గలేదు. నా ఎడమ కనుబొమ్మ పైన మూడు గుంటలున్నాయి, ముక్కు మీద ఒకటి. ఎవరైనా అడిగితే చిన్నప్పటివని చెబుతాను. చిన్నప్పటివి కావు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, సనయ్య అనే ఫ్యాక్టరీల పేటలోని క్యాంపులో, అంతమంది మొగవాళ్ల మధ్య వచ్చినవి. ఆ రోజుల గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాస్తే ఊళ్లో ఒక మనిషి మనసు నొచ్చుకుంటుందని భయం. ఆ భయం ఇంకా ఉంది, అయినా రాస్తున్నాను.

అప్పుడు మా గదిలో రెండంతస్తుల మంచాలు, కిటికీకి ఒక్క ఏసీ, తలుపు వెనక మేకుకు అందరి హెల్మెట్లు. సిమెంటు పట్టిన సాక్సులు, కొబ్బరినూనె, ఆరని తువ్వాళ్లు కలిసిన వాసన గదిని వదిలేది కాదు. సెలవుకు పోయి ఊళ్లో పెట్టె తెరిచినా ముందు ఆ వాసనే బయటికి వచ్చేది, దాన్ని మా అక్క దుబాయ్ వాసన అనేది. ఖతర్ అనే పేరు ఆమెకు ఇప్పటికీ నోరు తిరగదు. తెల్లవారకముందే డ్యూటీ బస్సు, పొద్దుగూకాక తిరిగి రావడం, వంతుల ప్రకారం వంట, శుక్రవారం కోడి. గదికి పెద్ద గంగారాం కాక. బస్సు దిగగానే కాళ్లు కడుక్కుని, నుదుటికి పసుపు పెట్టుకుని, గోడకు అంటించిన పోచమ్మ పటానికి మొక్కేవాడు, ఆ తర్వాతే టీ ముట్టేవాడు. ఊళ్లో బోనాలప్పుడు ఘటం ముందు నడిచే ఇల్లు వాళ్లది. సైటు మీద ఫోర్‌మన్ అరిస్తే తల దించుకునేవాడు, గదిలోకి వచ్చాక మా మీద అరిచేవాడు. పొద్దంతా తిన్న తిట్లను సాయంత్రం మాకు తలా ఇన్ని పంచేవాడన్నమాట.

నా పై మంచం మా బావది. పేరు మల్లయ్య, మా లచ్చక్క పెనిమిటి. నన్ను ఇక్కడికి రప్పించింది ఆయనే. అప్పటికి అక్క రెండోసారి నీళ్లోసుకుని ఉంది, పెద్దవాడు ఇంకా పాకుతున్నాడు. బావ మాటకారి, దేన్నీ ఊరికే వదలడు, గంగారాం కాక పూజను కూడా. "కాకా, అమ్మకు దండం పెట్టేటప్పుడు జర నాకు గూడ ఓ నైట్ డ్యూటీ తప్పియ్యమను," అని ఆటపట్టించేవాడు. కాక నవ్వేవాడు కాదు. కానీ బావ వంట వంతు వచ్చిన రోజు మాత్రం అందరికంటే ముందు పళ్లెం పట్టుకుని కూర్చునేది కాకే. ఎందుకంటే బావ చేతి పోపు అలాంటిది. నూనె కాగిందాకా ఓపిక పట్టి, ఆవాలు చిటపటమన్నాక జీలకర్ర, దంచిన ఎల్లిపాయ, ఎండు మిరపకాయ, అక్క ఎండబెట్టి మూటగట్టి పంపిన కరివేపాకు వేసి, గిన్నెలో పప్పు మీద చుయ్‌మని పోసేవాడు. ఆ చప్పుడుకు పక్క గది బంగ్లాదేశ్ వాళ్లు కూడా తొంగి చూసేవారు.

మొదట జ్వరం వచ్చింది నాకే. ఒళ్లంతా నొప్పులు, మెడ మీద నీటి బుడ్డలు. గంగారాం కాక నన్ను లైటు కిందికి లాగి బనీను ఎత్తి చూశాడు, వెనక్కి జరిగి రెండు చేతులూ జోడించాడు. "తల్లి అచ్చింది," అన్నాడు. నేను షట్టరింగ్ హెల్పర్‌ను, మీసం కూడా సరిగా రానివాణ్ని. అప్పటిదాకా ఆ గదిలో నన్ను 'ఒరేయ్' తప్ప వేరే మాటతో పిలిచినవాడు లేడు. ఆ సాయంత్రం నుంచి 'అమ్మా' అన్నారు. నా మంచం చుట్టూ తెల్ల లుంగీలు కట్టారు. ఉమ్ సలాల్‌లో ఒక తోట బంగ్లాకు డ్రైవరుగా ఉన్న సూర్యారావు, గోదావరి మనిషి, తోటలోని వేపచెట్టు రెమ్మలు సంచిలో తెచ్చిచ్చేవాడు. వాటి మీద నన్ను పడుకోబెట్టారు. అమ్మకు చల్లదనం కావాలని ఏసీ పూర్తిగా పెంచి, వణుకుతున్న నా మీది నుంచి దుప్పటి తీసేశారు. మాత్ర వేయకూడదు, గడ్డం గీయకూడదు, మాంసం వండకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా పోపు పెట్టకూడదు. అమ్మ వచ్చిన ఇంట్లో నూనె చుయ్‌మంటే ఆ పొక్కుల మీదే పోసినట్టని మా వైపు నమ్మకం. పక్క గదుల వాళ్ల చేపల వేపుడు వాసన రాకుండా కాక తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కాడు.

ఇందులో భక్తి ఎంతో భయమూ అంతే. పొక్కుల జ్వరమని తెలిస్తే కంపెనీ గదికి గదినే మూసేస్తుంది, కొందరిని విమానం ఎక్కించి పంపేస్తుంది కూడా. అందుకని క్యాంప్ బాస్ అడిగితే కాక "మామూలీ బుఖార్ హై సాబ్" అన్నాడు. "మాఫీ ముష్కిల్, జల్దీ డ్యూటీ భేజో," అని, ఏం ఫర్వాలేదు తొందరగా పనికి పంపమని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. పొద్దున అందరూ డ్యూటీకి పోతూ నేను లోపల ఉండగానే బయట తాళం వేసేవారు, ఎవరూ చూడకూడదని. మొబైళ్లు మా దాకా రాని కాలం. గుడికి తాళం వేసి వెళ్లినట్టే వెళ్లేవారు, సాయంత్రం తీసి దండాలు పెట్టేవారు. జ్వరంలో నేను ఏది వాగినా అది వాక్కు. ఒకడు క్రేన్ మీదికి మార్చమని మొక్కాడు, ఇంకొకడు కొడుకు పుడతాడా తల్లీ అని నా కాళ్లు పట్టుకున్నాడు. కాళ్ల మీది పొక్కులు చిట్లి నేను కేక పెడితే, పుడతాడని అమ్మ పలికిందని సంబరపడ్డాడు. అమ్మ ఏమడిగినా కాదనకూడదు. చక్కెర అడిగితే పెట్టారు, కొబ్బరి నీళ్లు అడిగితే తెచ్చారు. ఒకసారి డాక్టరును పిలవమన్నాను. గంగారాం కాక నా నుదుటి మీద చెయ్యి వేసి, గదివైపు తిరిగి, "గిది అమ్మ మాట గాదు, శంకర్‌గాని మాట," అన్నాడు. ఏది అమ్మ మాటో ఏది నా మాటో ఆయనే తేల్చేవాడు.

నేను బతికాను. పొక్కులు ఎండిపోతూ వచ్చాయి. నోరు మాత్రం చచ్చిపోయింది, రోజూ పెరుగన్నం, చక్కెర అన్నం. ఒక శుక్రవారం అందరూ బజారుకు పోయినప్పుడు బావ నా దగ్గర కూర్చున్నాడు. నేను ముద్ద మింగలేక కక్కుతుంటే కాసేపు చూశాడు. "మీ అక్క జూస్తే నన్ను సంపుతది," అని లేచి వంటగదికి వెళ్లాడు. చుయ్‌మన్న చప్పుడు గోడ అవతలి నుంచి విన్నాను. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పళ్లెం నాకేదాకా తిన్నాను, ఇప్పటికీ అది తప్పనుకోను. ఆ రోజు ఆ పప్పన్నం తినకపోతే ఇంకో వారం లేవకపోయేవాణ్ని. కానీ పోపు వాసనను దాచిపెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు. కాక తలుపు తీయగానే ముక్కు ఎగబీల్చాడు, అక్కడే ఆగిపోయాడు. అరవలేదు. దానికే నాకు భయమేసింది. "అమ్మ నెత్తి మీద కాగిన నూనె పోసినవు మల్లయ్యా," అన్నాడు మెల్లగా. బావ నవ్వులాటకు దింపబోయి, "అమ్మకు గూడ పప్పు మంచిగనే అనిపిచ్చింది కాకా, పళ్లెం జూడు," అన్నాడు. ఒక్కడూ నవ్వలేదు. వేపనీళ్లు పోసి అమ్మను సాగనంపే రోజు దగ్గరికొచ్చింది, కాక దాన్ని వాయిదా వేశాడు. కోపంతో ఉన్న అమ్మను పంపకూడదట.

కొన్నాళ్లకు బావకు జ్వరం పట్టుకుంది. నాకు లేచినట్టు అక్కడొకటి ఇక్కడొకటి కాదు, ముఖం గుర్తు పట్టలేనంతగా లేచాయి, నోట్లో కూడా. నా దగ్గర పడుకున్నవాడికి, నా నోరు తుడిచినవాడికి రాక ఎవరికి వస్తుంది? గదిలో ఆ మాట ఎవరూ అనలేదు. నా ఒంటి మీదికి అమ్మ ఆడుకోవడానికి వచ్చిందట, బావ ఒంటి మీదికి శిక్షించడానికి. "అమ్మ ఒక్కతే. నీ మీద ఆడుతున్నది, వాని మీద కొడుతున్నది," అన్నాడు కాక నాతో. అందుకని బావ మంచానికి తెల్ల లుంగీలు కట్టలేదు, వేపాకు పరచలేదు. ఎవరూ ఆయనను అమ్మా అనలేదు. నేను నా కింది రెమ్మలు తీసి ఇవ్వబోతే లాక్కున్నారు. రాత్రంతా దగ్గేవాడు, ఆ దగ్గులో ఏదో తడి చప్పుడు. పగలు ఇద్దరమే, బయట తాళం. తలుపు బాదాను, కిటికీ దగ్గర అరిచాను. ఆ టైముకు క్యాంపులో వినేవాడెవడు? అందరూ సైట్ల మీదే.

ఒక సాయంత్రం సూర్యారావు రెమ్మలు ఇవ్వడానికి వచ్చి బావ దగ్గు విన్నాడు. తలుపు దగ్గరే నిలబడి, "ఏవండీ, ఆ మనిషికి ఊపిరి అందట్లేదండీ. మావైపూ అమ్మవారే అంటాం, వేపాకులూ కడతాం, కానీ ఇలా వదిలెయ్యం. ఆసుపత్రికి తీసుకెళ్ళండి," అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. "అన్నా, నీ బండిల ఏస్కపో," అని కేకేశాను. అతను గదిలోకి ఒక అడుగు వేశాడు. బావ ముఖం చూశాడు. ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు. "మా మేడంకి తెలిస్తే నన్ను బతకనివ్వదయ్యా. పసిపిల్లలున్న ఇల్లు," అని సంచి గడప దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. గేటు దగ్గర క్యాంప్ బాస్‌కు ఒక్క మాట చెప్పిపోయినా సరిపోయేది. అందరిలోకి మంచివాడు అతనే, ఆ మంచితనం గడప దాకానే వచ్చింది.

ఆ మాటల తర్వాత కాకకు కంగారు పుట్టింది, కానీ ఆసుపత్రి వైపు పోలేదు ఆ కంగారు. అపరాధం ఒప్పుకోవాలన్నాడు. బావను ఇద్దరు బాత్రూముకు మోసుకెళ్లి లుంగీతోనే తల మీద నీళ్లు పోసి, తడిబట్టలతో తెచ్చి నా మంచం ముందు నిలబెట్టారు. పైన ఏసీ. ఆయన పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. మా ఇంటి అల్లుడు, నాకంటే పెద్దవాడు, నా ముందు నేల మీద తల ఆనించి, "తప్పయింది తల్లీ," అన్నాడు. లేవలేకపోయాడు. "మన్నించిన, మన్నించిన, దవాఖానకు తీస్కపోండ్రి," అని నేను ఏడ్చాను. కాక తల అడ్డంగా ఊపాడు. "నీ మాట గాదు శంకర్. అమ్మ మాట గావాలె," అన్నాడు. తలుపువైపు పరుగెత్తబోతే ఇద్దరు నా భుజాలు పట్టుకుని కూర్చోబెట్టారు, ఎంతో మెత్తగా, నా ఎండిన పొక్కులు కదలకుండా. అంత మర్యాదగా ఎవరూ ఎవరినీ చంపరు.

మరునాడు పగలంతా ఆలోచించాను. ఆసుపత్రి, డాక్టరు అన్న మాటలు నా నోట వస్తే చాలు, అది శంకర్ మాట అయిపోతోంది. కాబట్టి ఆ మాటలు రాకూడదు. చిన్నప్పుడు బోనాల్లో అమ్మ పూని శిగమూగే ఆడవాళ్లను ఎన్నిసార్లు చూశానో. పొద్దుగూకి తాళం తీసిన చప్పుడు కాగానే మంచం మీద లేచి నిలబడ్డాను. వేపరెమ్మ పళ్ల మధ్య పట్టుకుని, నాలుక చాచి, తల గిరగిరా తిప్పుతూ ఊగాను. సగం నీరసంతో ఊగిందే, ఇంకా బాగా కుదిరింది. హెల్మెట్లు కిందపడ్డాయి, అందరూ మోకాళ్ల మీద పడ్డారు. గంగారాం కాక బోర్లా పడి, "ఏం గావాలె తల్లీ?" అన్నాడు. "తలుపు తెరువుండ్రి," అన్నాను. "బయటోన్ని పిలువుండ్రి. గీన్ని నేను తీస్కపోత." "మన్నించవా తల్లీ?" అన్నాడు కాక. నేను ఇంకేమీ అనదలచుకోలేదు. "తీస్కపోత, తీస్కపోత," అని అరుస్తూనే ఉన్నాను. ఒకడు ఏడుస్తూ పరుగెత్తి క్యాంప్ బాస్‌ను పిలుచుకొచ్చాడు. ఆయన గడపలోంచి చూసి ముక్కు మూసుకుని అందరినీ బూతులు తిట్టి ఫోన్ చేశాడు. అంబులెన్సు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. నన్ను చంపుతున్నది ఇన్నాళ్లూ అదే, అది అంత దగ్గర్లో ఉండడం.

మాస్కుల వాళ్లు బావను స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే ఆయన నావైపు తల తిప్పాడు. "ఏంది బామ్మర్దీ, నిజంగనే అచ్చిందా?" అన్నాడు, మాట సగం దగ్గే. నేను కన్ను కొట్టాను. ఉబ్బిన ఆ ముఖంలో నవ్వు కనపడింది. నేను నటించానన్న సంగతి తెలిసినవాడు ఈ భూమ్మీద ఆయన ఒక్కడే. నన్ను వేరే గదిలో ఉంచారు, మిగతా వాళ్లను వేరే బిల్డింగులో పెట్టి మా గదికి సీలు వేశారు, పరుపులు కాల్చేశారు. బావ ఇక ఆసుపత్రి దాటి రాలేదు. ఊపిరితిత్తులకు పాకిందని, ముందే తెస్తే బతికేవాడని అక్కడి మలయాళీ నర్సు చెప్పింది. ఆమె ఆ మాట మామూలుగా చెప్పి, తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లిపోయింది. అలాంటి మాటలు రోజూ చెప్పేవాళ్లు ఇంకెలా చెబుతారు?

నేను బయటికి వచ్చేసరికి ఊరికి కబురు చేరిపోయింది. గంగారాం కాక ఊళ్లోని ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి అక్కను పిలిపించి తానే చెప్పాడట. "అమ్మ శంకర్ మీదికి అచ్చి, మల్లయ్యను తీస్కపోత అని అందరి ముంగట చెప్పి తీస్కపోయిందమ్మా. మేం ఎంత బతిమిలాడినా ఇనలే." ఆయన అబద్ధం చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు, ఒక్క మాట కూడా కలపలేదు. శవంతో ఊరికి పోయినప్పుడు అక్క ఎదురొచ్చి నా మీద పడి ఏడుస్తుందనుకున్నాను. నిండు కడుపుతో వంగి, పసుపు నీళ్లతో నా కాళ్లు కడిగింది. "అక్కా, నేను యాక్టింగ్ చేసిన. దవాఖానకు తీస్కపోతరని గట్ల అన్న," అని ఆమె చేతులు పట్టుకుని చెప్పాను. ఆమె నా కళ్లల్లోకి చూడలేదు. "నువ్వు చేసిన అనుకుంటున్నవ్ తమ్మీ. చేపిచ్చింది ఆమె," అంది.

ఇప్పటి క్యాంపులు వేరు. గోడ మీద ఎమర్జెన్సీ నంబరు, జేబులో ఫోను, చేతిలో హెల్త్ కార్డు, బస్సెక్కించి మరీ సూది వేయిస్తారు. ఇవన్నీ నాకు కోపం తెప్పిస్తాయి, ఎందుకింత ఆలస్యంగా వచ్చాయని. మా రోజుల్లో మనుషులు ఒకరికొకరు అండగా ఉండేవాళ్లని నా ఈడువాళ్లు సభల్లో మాట్లాడుతుంటే లేచి వచ్చేస్తాను. ఉన్నాం, అండగానే ఉన్నాం. ఒక్కడు కూడా పక్కవాణ్ని తలుపు దాటనివ్వనంత అండగా. గంగారాం కాక ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బతికాడు, ఊళ్లో పెద్దమనిషి అయ్యాడు. అక్క కష్టపడి ఇద్దరినీ పెంచింది. నన్ను ఆమె ఎప్పుడూ తిట్టలేదు, కోపం చూపలేదు. తిడితే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. పోయినప్పుడల్లా మంచిగా వండిపెడుతుంది, చిన్నప్పుడు పిల్లలను మాత్రం పక్కింటికి పంపించేది. వాళ్ల పేర్లు నా నోట రావద్దని ఒకసారి చేతులు జోడించి అడిగింది.

బావ పోయాక పుట్టిన పిల్లకు పోయిన ఎండాకాలం పెళ్లయింది. పెళ్లిపిల్లను చేతుల మీద ఎత్తుకుని మండపానికి తీసుకుపోవలసింది మేనమామ. ఆమెకు మేనమామను నేనొక్కణ్నే. టికెట్ తీసుకున్నానని అక్కకు ఫోన్ చేశాను. "రాకు తమ్మీ," అంది. "పిల్లను నువ్వు తీస్కపోవద్దు. మన చిన్నాయిన కొడుకు ఎత్తుకుంటడు. నువ్వు వీడియోల జూడు. మైకు మాత్రం బందు పెట్టుకో." సరేనన్నాను. పెళ్లి రోజు సెలవు పెట్టి, మంచం మీద కూర్చుని ఫోనులో చూశాను. వాడు పిల్లను ఎత్తుకున్నాడు. పిల్లది అచ్చం మా బావ ముఖమే, ఏదో అని పక్కవాళ్లను నవ్విస్తోంది. తెర మీద మైకు గుర్తుకు ఎర్ర గీత ఉంది, నా మాట ఒక్కటి కూడా అటు పోదు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. చల్లగా ఉండు బిడ్డా అని ఒక్క మాట అనుకోవడానికి నోరు తెరిచాను, భయమేసి మూసుకున్నాను.